పసిపిల్లతో గడ్డకట్టిన నీళ్ళ మీద

"మనక్కూడా ఒక హిట్లర్ రావాలండీ, అప్పుడుగానీ ఈ దేశం బాగుపడదు." ఈ మాట లంచ్ టేబుల్ దగ్గర ఒక్కసారైనా వినని సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఉండరనుకుంటా. ఆయన పుస్తకం మన ఫుట్‌పాత్‌ల మీద పర్సనాలిటీ డెవలప్‌మెంట్ పుస్తకాల పక్కనే దొరుకుతుంది. యూదుల సంగతి ఎత్తితే "అది తప్పేలెండి, కానీ తన దేశాన్ని మాత్రం ప్రాణంగా ప్రేమించాడు" అంటారు. సరే, ఆ రెండో ముక్క సంగతే చూద్దాం. సొంత దేశంలో చంటిపిల్లల తల్లుల్ని ఆయన ప్రభుత్వం ఎలా చూసుకుందో.

తూర్పు ప్రష్యా అని అప్పటి జర్మనీకి ఈశాన్య మూలన ఒక ప్రాంతం ఉండేది. ఇప్పుడు మ్యాపులో వెతికినా కనపడదు, యుద్ధం తర్వాత పోలండ్‌లోనూ రష్యాలోనూ కలిసిపోయింది. 1944 అక్టోబర్‌కే సోవియట్ సైన్యం దాని సరిహద్దు దాటి లోపలికొచ్చింది. పారిపోడానికి అప్పుడు ఇంకా టైముంది, రైళ్ళూ ఉన్నాయి. కానీ అక్కడి నాజీ పార్టీ పెద్ద ఎరిక్ కోచ్ జనాన్ని ఖాళీ చేయించడానికి ఒప్పుకోలేదు. ఊరు వదిలి వెళ్దామన్నవాడు దేశద్రోహి కింద లెక్క. 1945 జనవరి 13న సోవియట్ దాడి మొదలైంది. ఆ నెలాఖరుకి ఆ ప్రాంతానికి మిగతా జర్మనీతో భూమార్గం తెగిపోయింది. పదహారేళ్ళ నుంచి అరవై ఏళ్ళ దాకా మగాళ్ళని ముందే పౌరసేనలోకి లాగేశారు కాబట్టి బండి కట్టాల్సింది ఆడవాళ్ళూ, ముసలివాళ్ళే.

ఇరవై రెండేళ్ళ అమ్మాయి అనుకోండి. మొగుడు ఫ్రంట్‌లో ఉన్నాడు, ఉత్తరం వచ్చి నెలలైంది. ఒళ్ళో ఏడాది పిల్ల. వెనక నుంచి సోవియట్ సైనికులు వస్తున్నారు. వాళ్ళ చేతికి చిక్కిన ఆడవాళ్ళకి ఏం జరిగిందో చరిత్రలో కావలసినంత రాసి ఉంది, నేను రాయను. మిగిలిన దారల్లా ఫ్రిషెస్ హాఫ్ మీదుగా. మన పులికాట్ లాంటి సరస్సు అది, శ్రీహరికోటలాగే సముద్రానికీ దానికీ మధ్య సన్నటి ఇసుక దిబ్బ. చలికి పైన గడ్డ కట్టింది. ఆ మంచు మీద వేల గుర్రబ్బళ్ళు. బళ్ళు దగ్గర దగ్గరగా వెళ్తే బరువుకి మంచు విరుగుతుంది, ఆగితే పైనుంచి విమానాలు కాలుస్తాయి. పిల్లకి పాలు కాచడానికి నిప్పుండదు, తడి గుడ్డ మార్చడానికి విప్పితే పిల్ల బిగుసుకుపోతుంది. దారిలో చనిపోయిన పసివాళ్ళని పాతిపెట్టడానికి నేల తవ్వుడు పడదు.

ఇదంతా దాటి రేవు చేరితే ఓడ. నౌకాదళం లక్షల మందిని సముద్రం మీదుగా తరలించిన మాట నిజమే, కాదనను. కానీ మొత్తం అయిపోయాక, ఆఖరి నిమిషంలో. విల్‌హెల్మ్ గుస్ట్‌లోఫ్ అనే ఓడ రెండువేల లోపు మంది కోసం కట్టింది. జనవరి 30న పదివేల మందిపైనే ఎక్కారు. పాస్‌లు ఇవ్వడంలో పసిపిల్లల తల్లులకే ముందు అవకాశం, అదీ అదృష్టమే అనుకున్నారు పాపం. ఆ రాత్రి సోవియట్ సబ్‌మెరైన్ మూడు టార్పెడోలు వేసింది. (ఓడలో సైనికులూ ఉన్నారు, అదీ చెప్పాలి.) చనిపోయినవాళ్ళు సుమారు తొమ్మిది వేలు, టైటానిక్‌కి ఆరు రెట్లు. తెల్లారగట్ల ఒక లైఫ్‌బోటులో శవాల మధ్య ఒక పసివాడు బతికి దొరికాడు. తీసిన నావికుడే పెంచుకున్నాడు. అదే రాత్రి హిట్లర్ తన చివరి రేడియో ప్రసంగం చేశాడు. మరో ఏడు వారాలకి, మార్చి 19న, జర్మనీలోనే శత్రువుకి పనికొచ్చే రవాణా, ఫ్యాక్టరీలు, సరఫరాలు అన్నీ ధ్వంసం చెయ్యమని ఆర్డరిచ్చాడు. ఆ తర్వాత జనం ఏం తిని బతకాలో ఆయనకి పట్టలేదు.

కోచ్ ఏమయ్యాడా? ఏప్రిల్‌లో ఒక ఐస్‌బ్రేకర్ ఎక్కి డెన్మార్క్ వైపు జారుకున్నాడు. పేరు మార్చుకుని నాలుగేళ్ళు దాక్కుని, 1949లో దొరికి, 1986లో పోలండ్ జైల్లో తొంభై ఏళ్ళ వయసులో పోయాడు.

"వాళ్ళు హిట్లర్‌ని నెత్తిన పెట్టుకున్న జనమేగా, అనుభవించనీ" అనేవాళ్ళూ ఉన్నారు. ఆ వాదన కొట్టిపారేయలేను, ఎందుకంటే గుస్ట్‌లోఫ్ మునిగిన మర్నాడు రాత్రి అదే తీరంలో, పాల్మ్‌నికెన్ అనే ఊళ్ళో, ఎస్‌ఎస్ దళం దాదాపు మూడు వేల మంది యూదు ఖైదీల్ని సముద్రంలోకి తోలి కాల్చింది. ఎక్కువమంది యువతులే. అదే చలి, అవే రోడ్లు. వాళ్ళకి ఓడ లేదు, పాస్ లేదు. ఈ రెంటినీ ఒకే తక్కెడలో పెట్టి సమానం అనేవాళ్ళతో నేను ఏకీభవించను. కానీ బండిలో ఉన్న ఏడాది పిల్ల ఎవరికి ఓటేసిందట?

బతికి బట్టకట్టినవాళ్ళకీ కష్టాలు తీరలేదు. సుమారు రెండున్నర లక్షల మంది డెన్మార్క్ చేరారు. ఐదేళ్ళు జర్మన్ ఆక్రమణలో నలిగిన దేశం అది, జాలి ఎక్కణ్ణుంచి వస్తుంది? ముళ్ళకంచె క్యాంపుల్లో పెట్టారు. 1945 ఒక్క ఏడాదిలోనే అక్కడ ఐదేళ్ళలోపు పిల్లలు సుమారు ఏడు వేల మంది చనిపోయారు. అందులో డెన్మార్క్ వాళ్ళ తప్పెంత, దారిలో పడ్డ యాతన ఎంత అని చరిత్రకారులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. ఆఖరి శరణార్థులు 1949లో గానీ వెళ్ళలేదు. పోనీ సొంత దేశం చేరినవాళ్ళని జర్మన్లు అక్కున చేర్చుకున్నారా అంటే, అదీ లేదు. ష్లెస్విగ్-హోల్‌స్టైన్ జనాభా 16 లక్షల నుంచి 27 లక్షలకి పెరిగింది. ఎవరింట్లో గది ఖాళీగా ఉంటే అక్కడ అధికారులు బలవంతంగా ఒక తల్లినీ పిల్లల్నీ దించేవారు. ఒకే భాష, ఒకే దేశం, అయినా వంటింట్లో పొయ్యి దగ్గర రోజూ గొడవే.

తప్పిపోయినవాళ్ళని వెతికిన పద్ధతి మాత్రం మనవాళ్ళు తెలుసుకోవాలి. కంప్యూటర్ లేదు, ఉన్నవి అట్టకార్డులు. ప్రతి మనిషీ రెండు కార్డులు నింపాలి. ఒకదాని మీద తను ఎవరో, రెండోదాని మీద తను వెతికేది ఎవర్నో. రెండు రకాలూ ఒకే అక్షర క్రమంలో ఒకే పెట్టెలో పెట్టేవారు. తల్లి వెతికే పేరూ, ఇంకెక్కడో ఉన్న మనిషి సొంత పేరూ పక్కపక్కనే వచ్చి పడితే దొరికినట్టే. మన భాషలో సెల్ఫ్ జాయిన్, అదీ చేత్తో, లక్షల రికార్డుల మీద. చిక్కల్లా తన పేరు చెప్పలేని పసివాళ్ళతోనే. వాళ్ళకి కీ లేదు. అందుకని ఫొటో, కళ్ళ రంగు, ఒంటి మీద మచ్చ, దొరికిన స్టేషన్ పేరు వేసి పోస్టర్లు అంటించారు. రెండేళ్ళ పిల్ల మొహం ఆరునెలల్లో మారిపోతుంది కదా, చాలామంది తల్లులు ఆ పోస్టర్ల ముందు నిలబడి అవునో కాదో తేల్చుకోలేకపోయారు.