పరిహారము మౌనమునకు వెల కారాదు

బాల్యమున పడిన బాధకు ధనముతో వెల కట్టగలమా? కట్టలేము. అయినను పరిహారము వ్యర్థమనుట న్యాయము కాదు.

ఐర్లండు దేశమున, ప్రభుత్వ ధనముతో, కాథలిక్ మఠముల నిర్వహణలో నడచిన పారిశ్రామిక పాఠశాలలందు వేలకొలది బాలబాలికలు పలు దశాబ్దములు హింసల పాలయిరి. 1999 మే 11న ప్రధానమంత్రి బెర్టీ అహెర్న్ ప్రభుత్వ పక్షమున వారిని క్షమాపణ వేడెను. 2002లో పరిహార చట్టము వెలసినది. 15,000 మందికి పైగా బాధితులు దానివలన సొమ్ము పొందిరి. 2009లో ర్యాన్ విచారణ సంఘము ఆ ఘోరములను లోకమునకు వెల్లడించినది.

కాని ఆ చట్టముననే యొక లోపము గలదు. పరిహారము పొందినవారు ఆ సంగతిని, సంస్థ గాని ఇతరులు గాని గుర్తింపబడునట్లు ప్రకటించుట నేరమని అది శాసించినది. బాల్యమున బెత్తము నోరు మూయించినది. పెద్దలైన పిదప చట్టము మూయించినది!

విచారణ లేనిదే ఒకరిపై నింద మోపరాదనుట నిజమే. అందులకు బాధితుని నోరు కట్టుట మార్గము కాదు. బహిరంగముగ విచారించుటయే మార్గము. పరిహారము దానము కాదు, సంఘము తీర్పవలసిన ఋణము. అప్పు తీర్చువాడు ఋణదాత నోటికి తాళము వేయుట ఎక్కడి ధర్మము?

బిడ్డ చెప్పినపుడు విని నమ్ముటయే మొదటి పరిహారము. ధనము దాని తరువాతిది.