కొత్త బస్సు ఎవరి కోసం?

సెమిస్టరు మొదట్లో మా హాస్టలు జూనియర్ ఒకడు నా గదికి వచ్చాడు. "అన్నా, కంప్యూటరు కొందామనుకుంటున్నా. షాపతను ఫైవ్ పాయింట్ జీరో బస్సు ఉన్న బోర్డే తీసుకోమంటున్నాడు. ఐదు వేలు ఎక్కువవుతుందట. ఈలోగా సెవెన్ కూడా వచ్చేసిందంటున్నారు. నాన్నగారిని ఎంత అడగమంటావు?" అన్నాడు. గదిలో ఉన్న నలుగురం నాలుగు రకాలుగా చెప్పాం. "సెవెన్ వచ్చేదాకా ఆగు" అన్నవాడు కూడా ఉన్నాడు! ఆ రాత్రి వాదనే ఈ వ్యాసానికి మూలం.

బస్సు అనగానే మన గేటు దగ్గర ఆగకుండా పోయే ఆర్టీసీ బస్సు గుర్తుకు రావడం సహజం. కంప్యూటరులో బస్సంటే ప్రాసెసరుకూ, గ్రాఫిక్స్ కార్డు, డిస్కు మొదలైన వాటికీ మధ్య సమాచారం నడిచే దారి. 1981లో ఐ.బి.ఎం. పి.సి.తో వచ్చిన బస్సు ఒక విడతకు 8 బిట్లు మోసేది. 1992లో ఇంటెల్ తెచ్చిన పి.సి.ఐ. బస్సు సెకనుకు 133 మెగాబైట్లు మోసింది. అయితే ఆ దారిని కార్డులన్నీ పంచుకోవలసిందే. 2003 నాటి పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ ఈ పద్ధతి మార్చి, ఒక్కొక్క కార్డుకు సొంతంగా కొన్ని లేన్లు ఇచ్చింది. అప్పట్లో ఒక్కొక్క లేను వేగం సెకనుకు 2.5 గిగాట్రాన్స్‌ఫర్లు. అది 2017లో 4.0తో 16, 2019లో 5.0తో 32, 2022లో 6.0తో 64 అయింది. 2025 జూన్‌లో విడుదలైన 7.0లో 128కి చేరింది. 256తో 8.0ని 2028 నాటికి తెస్తామని కూడా ప్రకటించారు.

వినడానికి ఎంతో బాగుంది. కాని ఇవి కాగితం మీది తేదీలు. ప్రమాణం అచ్చయిన రోజు వేరు, సరుకు మన బల్ల మీదికి వచ్చే రోజు వేరు. 5.0 ప్రమాణం 2019లో వస్తే, గృహ కంప్యూటరు బోర్డుల మీద అది 2021 చివర్లో కనిపించింది. దానికి తగిన ఎస్.ఎస్.డి.లు 2023లో, గ్రాఫిక్స్ కార్డులు 2025లో వచ్చాయి. అంటే 2021లో ఆ బోర్డు కొన్నవాడు, కార్డు వచ్చేదాకా ఖాళీ దారికి డబ్బు కట్టాడన్నమాట!

ఈ ఆలస్యానికి కారణముంది. వేగం పెరిగేకొద్దీ బోర్డులోని రాగి గీతల్లో సంకేతం త్వరగా బలహీనపడుతుంది. దానికి ఖరీదైన బోర్డు వాడాలి, లేదా మధ్యలో సంకేతాన్ని మళ్లీ నిలబెట్టే రీటైమరు చిప్‌లు పెట్టాలి. 6.0 నుంచి రెండు వోల్టేజి స్థాయిలకు బదులు నాలుగు వాడి, ఒక్క విడతలో రెండు బిట్లు పంపుతున్నారు. స్థాయిల మధ్య ఎడం తగ్గింది గనుక తప్పులు పెరుగుతాయి. వాటిని దిద్దే ఏర్పాటూ కావాలి. ఇంత ఖర్చు ముందుగా భరించగలిగేది డేటా సెంటర్లే. 800 గిగాబిట్ల నెట్‌వర్క్ కార్డుకు 5.0లోని 16 లేన్లు ఇచ్చినా చాలవు, 6.0 కావలసిందే. వాళ్ల అవసరం నిజమైనదే. మన అవసరం అదేనా అన్నది ప్రశ్న.

4.0 ఎస్.ఎస్.డి. సెకనుకు సుమారు 7 గిగాబైట్లు చదివితే, 5.0ది 14 దాకా చదువుతుంది. పెద్ద వీడియోలు కాపీ చేసేవారికి ఇది లాభమే. కాని మనం ప్రోగ్రాము తెరిచినప్పుడు జరిగేది వేలకొద్దీ చిన్న ముక్కలు ఏరుకోవడం. అక్కడ ఆలస్యం దారిలో కాదు, డిస్కులోని చిప్ జవాబు చెప్పడంలో ఉంది. బస్సు ఎంత వేగంగా పోగలిగితే ఏం, కండక్టరు టిక్కెట్లన్నీ కొట్టేదాకా కదలనప్పుడు?

అలాగని బస్సు సంగతే పట్టించుకోనక్కర్లేదని నేననడం లేదు. 2022 జనవరిలో ఎ.ఎం.డి. వారి ఆర్.ఎక్స్. 6500 ఎక్స్.టి. అనే చవక గ్రాఫిక్స్ కార్డు వచ్చింది. దానికి 4 లేన్లే ఇచ్చారు. 4.0 బోర్డులో ఫరవాలేదు. పాత 3.0 బోర్డులో పెడితే దారి సగమై, చాలా ఆటల్లో వేగం బాగా పడిపోయింది. చవక కార్డు కొనేదెవరు? పాత బోర్డున్నవాడే కదా! కొత్త తరం పేరు చెప్పి లేన్లు తగ్గిస్తే ఆదా తయారీదారుది, నష్టం చిన్న కొనుగోలుదారుది. నాకు అభ్యంతరం ఇక్కడే. బస్సు తరంతో బాటు లేన్ల సంఖ్యను కూడా పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేయాలని కొనేవాళ్లమంతా అడగాలి.

మరి మనకు లాభం ఎప్పుడు? 6.0 ఇళ్లలోకి రావడానికి ఈ దశాబ్దం చివరిదాకా పట్టవచ్చునని నా అంచనా. నాలుగు లేన్ల పని ఒకటి రెండు లేన్లతో, తక్కువ ధరకు జరిగిన రోజే మనకు అసలు లాభం. అందాకా ఆగి కూర్చోనక్కర్లేదు. కొత్త కార్డు పాత స్లాటులోనూ పనిచేస్తుంది, కాకపోతే స్లాటు వేగానికి దిగుతుంది.

మా జూనియర్‌కు చివరికి చెప్పింది ఇదే: 4.0 బోర్డు చాలు. మిగిలిన ఐదు వేలు మెమొరీ మీద పెట్టు. మన లాబ్‌లకు కంప్యూటర్లు కొనే అధ్యాపకులకూ ఇదే మనవి. హార్డ్ డిస్కులతో ఈడుస్తున్న పాత మిషన్లకు సాధారణ ఎస్.ఎస్.డి.లు వేయించినా మాకు ప్రాక్టికల్స్‌లో సగం నిరీక్షణ తప్పుతుంది.

ఇక ఎలక్ట్రానిక్స్ మిత్రులకు ఒక మాట. ఈ బస్సు ఎక్కడానికి తొందర అక్కర్లేదు గాని, దాన్ని నడిపే విద్య నేర్చుకోవడానికి ఇదే అదను. హైదరాబాదు, బెంగుళూరు చిప్ డిజైన్ ఆఫీసుల్లో మన సీనియర్లు కొందరు చేస్తున్న పని ఇలాంటిదే. కొనేటప్పుడు వెనకబడినా నష్టం లేదు. నేర్చుకోవడంలో మాత్రం వెనకబడవద్దు.