గాయానికి మార్కులు

ఐర్లండ్‌లో 2002లో ఒక చట్టం వచ్చింది. మత సంస్థలు నడిపిన ఇండస్ట్రియల్ స్కూళ్లలో (పేద, అనాథ పిల్లల్ని ఉంచే బడుల్లో) చిన్నప్పుడు దెబ్బలు, ఆకలి, లైంగిక హింస అనుభవించినవాళ్లకి పరిహారం ఇవ్వడానికి ప్రభుత్వం రిడ్రెస్ బోర్డు పెట్టింది. మంచిదే. అయితే ఎవరికి ఎంత ఇవ్వాలో తేల్చడానికి ఆ బోర్డు చేతికి ఒక పట్టిక కూడా ఇచ్చింది. జరిగిన హింస తీవ్రతకి 25 మార్కుల దాకా. డాక్టరు ధ్రువీకరించిన జబ్బుకి 30. మనసులో, సంసారంలో, నలుగురితో మెలగడంలో కలిగిన చెరుపుకి 30. చేజారిన అవకాశాలకి 15. మొత్తం నూటికి లెక్క. 70 లేదా ఆపైన వస్తే రెండు నుంచి మూడు లక్షల యూరోలు, 25 లోపు వస్తే 50 వేలు మించదు.

అరవై ఏళ్ల మనిషి, కట్టుకున్న భార్యకి కూడా చెప్పుకోని సంగతి. విచారణ దాకా వెళ్తే దాన్ని లాయర్లున్న గదిలో విప్పి చెప్పి, ఎన్ని మార్కులు పడతాయో చూస్తూ కూర్చోవాలి. ఆ పైన ఇంకో షరతు: దరఖాస్తు గురించి, వచ్చిన డబ్బు గురించి, ఎవరినైనా, ఏ సంస్థనైనా గుర్తుపట్టేలా బయట ప్రచురిస్తే జరిమానా, జైలు. "ఎవరికైనా చెప్పావంటే చూడు" అన్న బెదిరింపు బడి నడిపిన బ్రదర్ల నోట విన్నవాళ్లు, ముసలితనంలో చట్టం నోట మళ్లీ విన్నారు. 15,000 మందికి పైగా ఆ బోర్డు నుంచి పరిహారం పొందారు. డబ్బు అందినా ఆ తతంగమే రెండో దెబ్బ అని చెప్పినవాళ్లు వాళ్లలో ఉన్నారు.

అదే దేశం, ఆ రోజుల్లోనే, ఆ మనుషులకే ఇంకో ఏర్పాటు కూడా చేసింది. 1999 మే 11న ప్రధాని బర్టీ అహెర్న్ బాధితులకి ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పారు. అప్పుడిచ్చిన హామీల్లోంచి 2000లో నేషనల్ కౌన్సెలింగ్ సర్వీసు పుట్టింది. ఫీజు లేదు. డాక్టరు చీటీ తప్పనిసరి కాదు, ఎవరికి వారే ఫోన్ చెయ్యొచ్చు. రుజువులు తెమ్మని అడగరు. ఏ బడి, ఏ ఏడు, ఎవరు అన్నది చెప్పాలనిపించిన రోజున చెప్పొచ్చు, ఎప్పటికీ చెప్పకపోయినా కుర్చీ ఖాళీ చెయ్యమనరు.

ట్రామా-ఇన్‌ఫార్మ్‌డ్ (గాయం సంగతి తెలిసిన) అన్న మాట ఇప్పుడు డబ్లిన్‌లో ఏ కౌన్సెలర్ ప్రకటన చూసినా కనిపిస్తోంది. దాని అర్థం మెత్తటి గొంతు, మూలన మొక్కల కుండీ, బల్ల మీద టిష్యూ డబ్బా అనుకుంటే పొరపాటు. ఎంత వేగంగా వెళ్లాలో ఎవరు నిర్ణయిస్తారు, ఎక్కడ ఆపాలో ఎవరి ఇష్టం, రాసుకున్న కాగితం ఎవరి చేతిలో ఉంటుంది? రిడ్రెస్ బోర్డుకీ ఆ కౌన్సెలింగ్ సర్వీసుకీ తేడా అంతా ఈ ప్రశ్నల దగ్గరే ఉంది.

దీని పక్కనే ఇంకో విశేషణం వినిపిస్తుంది: న్యూరోడైవర్సిటీ-అఫర్మింగ్. ఆటిజం, ఏడీహెచ్‌డీ, డిస్లెక్సియా లాంటివి మెదడు పనిచేసే తీరులో తేడాలని ఒప్పుకుని మొదలుపెట్టే చికిత్స. రెండు మాటల్నీ జంటగా వాడటం ఫ్యాషన్ కోసం కాదు. ఆ ఐరిష్ బడుల్లో జరిగిన హింస మీద 2009లో వచ్చిన ర్యాన్ కమిషన్ నివేదిక అయిదు సంపుటాలు. అందులో కార్క్ నగరం పక్కన లోటా అనే చోట బ్రదర్స్ ఆఫ్ ఛారిటీ నడిపిన బడి మీద ఒక అధ్యాయం ఉంది. బుద్ధిమాంద్యం ఉందని చేర్పించిన మగపిల్లలు. చెప్పుకోలేరు, చెప్పినా నమ్మేవాడు లేడు. వేటగాళ్లకి అంతకంటే ఏం కావాలి? లోటాలో జరిగింది నేరం. చికిత్స పేరుతో జరిగినవీ ఉన్నాయి. 1960ల్లో లాస్ ఏంజెలెస్‌లో ఐవార్ లోవాస్ అనే మనస్తత్వవేత్త ఆటిజం పిల్లల్ని మామూలు పిల్లల్లా చెయ్యాలని చెంపదెబ్బలు, విద్యుత్ షాకులు కూడా ప్రయోగించాడు. ఇప్పుడు షాకులు దాదాపు పోయాయి గానీ, "నా కళ్లలోకి చూడు, చూస్తేనే చాక్లెట్" అన్న పాఠం మన హైదరాబాద్ మియాపూర్‌లోనూ సాగుతోంది. పిల్లవాడు చూడటం నేర్చుకుంటాడు. తనకి నొప్పి పుట్టే పని చేస్తేనే పెద్దవాళ్లు మెచ్చుకుంటారని కూడా దాంతోపాటే నేర్చుకుంటాడు.

"అయితే ఏదీ నేర్పొద్దంటారా? రాత్రి మూడు దాకా పడుకోని పిల్లాణ్ణి చూసుకునేది మీరా మేమా?" అని తల్లులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. నిద్ర కుదర్చడం, నోట మాట రాకపోతే ట్యాబ్లెట్ మీద బొమ్మలతో చెప్పుకోవడం నేర్పడం, రోడ్డు దాటడం నేర్పడం, ఇవన్నీ కావాలి. చేతులు ఆడించకుండా కూర్చోబెట్టడానికి పెట్టే గంటలే దండగ. ఆ గంటలు వీటికి పెట్టొచ్చు.

ఐర్లండ్ ప్రభుత్వం ఈ పిల్లల విషయంలో మళ్లీ పాత రిడ్రెస్ బోర్డు బుద్ధే (భారమంతా బాధపడేవాళ్ల మీదే) చూపిస్తోందని నా ఆరోపణ. 2005 నాటి డిసెబిలిటీ చట్టం ప్రకారం తల్లిదండ్రులు దరఖాస్తు పెట్టిన మూడు నెలల్లో పిల్లల అవసరాల పరీక్ష మొదలవ్వాలి, మరో మూడు నెలల్లో పూర్తవ్వాలి. 2025లో గడువు దాటిపోయిన దరఖాస్తులే 15,000 పైన ఉన్నాయి. ఆ మే నెలలో టిప్పెరరీకి చెందిన 14 ఏళ్ల కారా డార్మడీ పార్లమెంటు ముందు 50 గంటలు నిరసనకు దిగింది. ఆటిజం ఉన్న తమ్ముళ్ల కోసం ఒక బడిపిల్ల చట్టసభకి చట్టం గుర్తు చెయ్యాల్సి వచ్చింది. ప్రైవేటులో పరీక్ష చేయిస్తే వెయ్యి యూరోలు దాటుతుంది. డబ్లిన్ శివార్లలో లూకన్‌లో, సిటీవెస్ట్‌లో అద్దెలు కట్టుకుంటున్న మన సాఫ్ట్‌వేర్ కుటుంబాలు ఆ డబ్బు పెట్టేస్తున్నాయి. పెట్టలేనివాళ్లు సెలవుల్లో హైదరాబాద్ వచ్చి ఆ పని చేయించుకుంటున్నారు.

ఇక దంపతులు. ఆఫీసు నుంచి వచ్చిన భర్త లైట్లార్పి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని గంటసేపు పలకడు. పొద్దుట్నుంచీ మనిషి మాట కోసం చూసిన భార్యకి అది అలక, లేదా శిక్ష. అత్తగారు వీడియో కాల్‌లో "వాడు చిన్నప్పట్నుంచీ అంతేనమ్మా, నువ్వే సర్దుకుపోవాలి" అంటుంది. సాధారణ కౌన్సెలర్ దగ్గరికెళ్తే ఎదురెదురుగా కూర్చోబెట్టి, కళ్లలోకి చూసుకుంటూ మనసు విప్పమంటాడు. భర్తకి ఆటిజం ఉంటే, అది ఇంకో గంట ఆఫీసు. తానూ ఆటిస్టిక్ అయిన బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త డామియన్ మిల్టన్ 2012లో ఒక మాటన్నాడు: అర్థం చేసుకోలేకపోవడం ఒక్క పక్కనే లేదు, రెండు పక్కలా ఉంది. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి చెందిన కేథరిన్ క్రాంప్టన్ బృందం 2020లో ఒకరి చెవిలో ఒకరు కథ చెప్పుకుంటూ పోయే ఆట లాంటి ప్రయోగం చేసింది. ఆటిస్టిక్ మనుషులు తమలో తాము కథని చక్కగానే అందించుకున్నారు, ఆటిజం ఉన్నవాళ్లూ లేనివాళ్లూ కలిసిన గుంపులోనే కథ ఎక్కువ చెడింది. 2025లో ఇంకా ఎక్కువ మందితో చేస్తే కలిసిన గుంపు కూడా వెనకబడలేదు. కాబట్టి 2020 ఫలితాన్ని వేదవాక్కులా పట్టుకోనక్కర్లేదు. తప్పంతా ఒకరి నెత్తిన రుద్దకుండా ఇద్దరికీ హోంవర్క్ ఇచ్చే పద్ధతి మాత్రం సంసారానికి పనికొస్తుంది. గంట మౌనం అయ్యాక అరగంట కబుర్లు, ఆ గంట ఎప్పుడో ముందే చెప్పడం. చాలా ఇళ్లలో చికిత్స ఇంత చిన్నదిగానే ఉంటుంది. గుంపు చికిత్సకి బలం కూడా ఇక్కడే: తనలాంటి ఆరుగురి మధ్య కూర్చున్నవాడికి తన గురించి సంజాయిషీ చెప్పుకునే పని తప్పుతుంది.

ఐర్లండ్‌లో ఉన్న మనవాళ్ల గాయాలు వేరే ఉన్నాయి. 2025 జులైలో డబ్లిన్ పక్కన టాలాలో ఒక భారతీయుణ్ణి నెత్తురొచ్చేలా కొట్టి బట్టలూడదీశారు. ఆగస్టు 1న భారత రాయబార కార్యాలయం జాగ్రత్తలు చెప్పింది. ఆ తర్వాత సాయంత్రం బస్సెక్కడానికి జంకే కుర్రాడితో "మీ ఆలోచనలో లోపం ఉంది, సరిచేద్దాం" అనే కౌన్సెలర్‌కి ఎన్ని సర్టిఫికెట్లున్నా, గాయం సంగతి తెలియనివాడి కిందే లెక్క.

సర్టిఫికెట్ల మాట వచ్చింది కాబట్టి. ఐర్లండ్‌లో కౌన్సెలర్ల రిజిస్ట్రేషన్ బోర్డుని 2019లో వేశారు. ఏళ్లు గడిచినా పని నత్తనడకే. అందుకే ప్రకటనలోని విశేషణాలు చూసి వెళ్లకండి. ఐఏసీపీ (ఐరిష్ కౌన్సెలర్ల సంఘం) లాంటి వృత్తిసంఘంలో సభ్యత్వం ఉందా అని చూడండి. హైదరాబాద్‌లో అయితే క్లినికల్ సైకాలజిస్టుకి ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) నంబరు అడగండి. తక్కువ ఆదాయం వాళ్లకిచ్చే మెడికల్ కార్డు ఉంటే ఐర్లండ్‌లో ఎనిమిది సిట్టింగుల దాకా ఉచితం, డాక్టరు రాసిస్తే చాలు. లేనివాళ్లు జేబులోంచి పెట్టాలి కాబట్టి మొదటి పది నిమిషాలు మీరే ప్రశ్నలు వెయ్యండి: నేను చెప్పనంటే ఏం చేస్తారు? లైటు తగ్గించమంటే తగ్గిస్తారా? మా అబ్బాయి మీ వైపు చూడకపోతే అది మీకు సమస్యా? వాటికి విసుక్కుంటే, మిగతా సిట్టింగుల డబ్బు మిగుల్చుకుని లేచి వచ్చెయ్యండి.