గ్లాసులో రొయ్య... విలన్ లేడు!

మీ నాన్నగారి కాలం సినిమాల్లో క్లబ్బు సీను గుర్తు తెచ్చుకోండి. రంగు బల్బులు, ఈలలు వేయించే డాన్సు, ఓ మూల పొడుగు కాడ గ్లాసు పట్టుకుని నవ్వే నాగభూషణం! ఆ గ్లాసు కనబడిందంటే హీరో చెల్లెలికి ఏదో మూడిందన్నమాటే.

సరిగ్గా ఆ రోజుల్లోనే, అంటే 1960లు, 70లలో, ఇంగ్లాండులో పార్టీ అంటే బల్ల మీదికి ముందుగా అలాంటి కాడ గ్లాసే వచ్చేది. అందులో మందు కాదు లెండి, రొయ్యలు! అడుగున సన్నగా తరిగిన ఆకుకూర, పైన చల్లటి ఉడికించిన రొయ్యలు, వాటి మీద గులాబీ రంగు సాసు. పేరు ప్రాన్ కాక్‌టెయిల్. క్రిస్మస్ విందులో మొదటి ఐటమ్ అదే. ఆ తర్వాత పాత ఫ్యాషనని నవ్వారు. ఇప్పుడు పాత పాటలు రీమిక్స్ అయినట్టే మళ్ళీ పిలిచి కూర్చోబెడుతున్నారు. అమెరికాలో నిషేధం నడిచిన 1920-33 మధ్య ఖాళీగా పడున్న మందు గ్లాసుల్లో దీన్ని వడ్డించేవారని ఓ కథ కూడా ఉంది. నిషేధం సంగతి నెల్లూరోళ్ళకు ఒకరు చెప్పాలా? 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడితే, 1995లో ఎన్టీఆర్ రాష్ట్రమంతా మద్యాన్నే మూయించారు. మరి మన ఖాళీ గ్లాసుల్లో రొయ్యలెందుకు పడలేదో!

పడాల్సింది. ఎందుకంటే ఆ రొయ్య మనదే. నెల్లూరు నుంచి కృష్ణపట్నం రేవుకు వెళ్ళే దారిలో ముత్తుకూరు వస్తుంది. ఆ చుట్టుపక్కల ఎటు చూసినా రొయ్యల గుంటలే. చేపల చదువు చెప్పే కాలేజీ ఆ ఊళ్ళో 1991లోనే పెట్టారు. మొదట్లో హీరో టైగర్ రొయ్య. 1990ల మధ్యలో తెల్లమచ్చ రోగం వచ్చి ఆ హీరోని పడగొట్టింది, దాంతోపాటు ఎంతమంది రైతులు పడిపోయారో! 2009లో వనామీకి అనుమతి దొరికింది. సొంతూరు అమెరికా ఖండాల పసిఫిక్ తీరం. డబ్బింగ్ హీరో అన్నమాట. వచ్చాడు, మొత్తం థియేటర్లన్నీ తీసేసుకున్నాడు.

ఈ హీరోని పెంచడం తేలిక కాదు. మూడు నాలుగు నెలలు గుంట మీదే కాపలా. రాత్రి కరెంటు పోయి, జనరేటర్ అందుకోక, ఏరేటర్లు ఆగాయంటే గాలి చాలక తెల్లారేసరికి సరుకు తేలిపోవచ్చు. ఇంత చేస్తే, ధర చెప్పేది గట్టు మీదున్న రైతు కాదు. మన రొయ్యకి అన్నిటికన్నా పెద్ద గిరాకీ అమెరికా. అక్కడ 2025 ఆగస్టులో మన సరుకు మీద సుంకం 50 శాతం చేశారు. ఇక్కడ గుంట గట్టున రేటు పడింది. మనమేమో రొయ్య అంటే నెలకో రెండు నెలలకో ఓ ఇగురుతో సరి! మన తీరంలో పెరిగిన రొయ్య ముందు మన పండక్కి రావద్దూ? క్రిస్మస్ మొదలు కనుమ దాకా బంధువులు దిగే రోజులివి. ఓసారి చేసి చూడండి. (కాక్‌టెయిల్ అన్న మాట చెవినపడి అమ్మ చీపురు వెతక్కముందే విషయం చెప్పెయ్యండి.)

నలుగురికి అరకిలో చాలు. యాభై కౌంట్ అడగండి, కిలోకి యాభై తూగుతాయి. కౌంట్ తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటూ పెద్దది. తల తీసి, పొట్టు ఒలిచి, వీపున నల్ల నరం లాగెయ్యండి. తోక మాత్రం ఉంచండి, పట్టుకుని తినడానికి. తలలూ పొట్టూ పారెయ్యకండి. ఉప్పు, నాలుగు మిరియాలు వేసి నీళ్ళలో పది నిమిషాలు మరిగించి వడకట్టండి. రుచంతా అక్కడే ఉంది. ఆ నీళ్ళు మళ్ళీ తెర్లుతుండగా రొయ్యలు వేసి మంట ఆర్పెయ్యండి. రెండు మూడు నిమిషాలు, అంతే. బూడిదరంగు పిల్ల గులాబీ మేకప్ వేసుకుంటుంది. నెలవంకలా వంగితే ఉడికినట్టు. సున్నాలా చుట్టుకుందా, రబ్బరే! వెంటనే తీసి ఐసు నీళ్ళలో పడెయ్యాలి. వంట మొత్తంలో కష్టమైన ఘట్టం ఇదొక్కటే. దగ్గర నిలబడండి, సెల్‌ఫోను చూడకండి. పసుపు వద్దు, రంగు చెడుతుంది.

సాసు దగ్గర నాకు పట్టింపు ఉంది. ఇంగ్లాండువాళ్ళది మయొనైజు, కెచప్ కలిపిన తియ్యటి వ్యవహారం. పచ్చి గుడ్డు మయొనైజుని తెలంగాణ సర్కారు 2024 అక్టోబరులో ఏడాదిపాటు నిషేధించింది కూడా, కాబట్టి అది కావాలనుకుంటే గుడ్డు లేనిది కొనుక్కోండి. నా ఓటు అమెరికా పద్ధతికి. వాళ్ళు కెచప్‌లో హార్స్‌రాడిష్ అనే ఘాటు దుంప తురిమి వేస్తారు. ఆ దుంప మనకెక్కడిది? అక్కర్లేదు! దాని ఘాటూ మన ఆవాల ఘాటూ ఒకే కుటుంబం. రెండు చెంచాల ఆవపిండి చన్నీళ్ళతో తడిపి పది నిమిషాలుంచండి. వేడినీళ్ళు పోస్తే ఘాటు చచ్చిపోతుంది. అరకప్పు కెచప్‌లో దాన్ని కలిపి, ఓ గూడూరు నిమ్మకాయ పిండి, పచ్చిమిరపకాయ సన్నగా తరిగి వెయ్యండి. ముక్కులోకి కొట్టాలి, అప్పుడే లెక్క.

కాడ గ్లాసు లేదా? ఐస్‌క్రీమ్ కప్పు, అదీ లేకపోతే స్టీలు గ్లాసు. అడుగున క్యాబేజీ, పైన సాసు, అంచున తోకలు బయటికి వేలాడేలా మనిషికి ఐదారు రొయ్యలు. రొయ్య పడనివాళ్ళు ఎవరైనా ఉన్నారేమో ముందే అడగండి, ఒళ్ళు దద్దుర్లతో మొదలై ఆస్పత్రిదాకా పోయే కేసులుంటాయి. వడ్డించేదాకా ఫ్రిజ్‌లోంచి తియ్యకండి, తీశాక ఇంటర్వెల్ దాటనివ్వకండి. రొయ్యలు ఉడికిన నీళ్ళు కూడా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టారనుకోండి, మర్నాడు చేపల పులుసు పెట్టేటప్పుడు మామూలు నీళ్ళకు బదులు అవి పొయ్యొచ్చు. మామిడికాయ దొరికితే ఇక చెప్పక్కర్లేదు.