ఫిరంగి గొట్టం చెప్పే చరిత్ర

అసలు టి-55 టాంకు బరువు 36 టన్నులు. దాని ప్లాస్టిక్ నమూనా అరచేతిలో ఇమిడిపోతుంది. తూచితే కొద్ది తులాలకు మించదు. అయినా ఆ చిన్న వస్తువును చూడగానే, యుద్ధశకటాల సంగతి తెలిసినవారి దృష్టి మొట్టమొదట పడేది ఒక్కచోటనే - ముందుకు చాచుకొని ఉన్న ఫిరంగి గొట్టం మీద. చక్రాలలో ఒకటి కొంచెం ఒరిగినా కంటికి ఆనదు. గొట్టం వంగినా, దాని మూతి పూడుకొని ఉన్నా, ఎంత శ్రమపడి రంగులు వేసినా ఆ టాంకు ఆటబొమ్మగానే మిగిలిపోతుంది. అందువల్లనే పెట్టెలో వచ్చిన ప్లాస్టిక్ గొట్టాన్ని కోసివేసి, దాని స్థానంలో లోహపు గొట్టాన్ని అమర్చడం నమూనాలు తయారుచేసేవారిలో ఒక ప్రత్యేక విద్యగా పెరిగింది.

టాంకు నమూనాలలో రెండు కొలతలు సుప్రసిద్ధం. మొదటిది 1/72. ఈ లెక్కన ఆరడుగుల మనిషి ఒక్క అంగుళమవుతాడు. రెండవది 1/35. దీని పుట్టుక కొంత విచిత్రమైనది. 1960 దశకం తొలినాళ్ళలో జపానుకు చెందిన తమియా సంస్థ జర్మన్ పాంథర్ టాంకు నమూనాను రూపొందించినప్పుడు, దాని పొట్టలో మోటారూ బ్యాటరీలూ పట్టవలసి వచ్చింది. వాటికి కావలసిన చోటునుబట్టి తేలిన కొలత అది. పాంథర్ ఫిరంగి గొట్టం నిజానికి 5.25 మీటర్ల పొడవు. 1/35లో అది 15 సెంటీమీటర్లు, 1/72లో 7.3 సెంటీమీటర్లు మాత్రమే. 75 మిల్లీమీటర్ల దాని రంధ్రం 1/72లో ఒక్క మిల్లీమీటరుకు కుదించుకుపోతుంది. ఇంత సన్నని వస్తువులో చిన్న లోపమైనా పెద్దదిగానే కనిపిస్తుంది.

ప్లాస్టిక్ గొట్టానికి జబ్బు అచ్చులోనే పుడుతుంది. కరిగిన పాలిస్టైరీన్‌ను తీవ్రమైన ఒత్తిడితో రెండు ఉక్కు దిమ్మెల నడుమకు పంపుతారు. దిమ్మెలు కలిసినచోట గొట్టానికి ఇరువైపులా సన్నని అతుకు గీత మిగులుతుంది. గరుకు కాగితంతో రుద్దితే గీత పోతుంది. దానితోపాటు గుండ్రదనమూ పోయి పక్కలు చదునవుతాయి. దిమ్మెలు రెండూ చెరొకవైపుకు విడిపోయే అచ్చులో గొట్టం మూతికి లోతైన బెజ్జం రావడం సాధ్యం కాదు. అందుచేత అనేక నమూనాలలో ఫిరంగి మూతి మూసుకొనే ఉంటుంది. మూతివైపునుంచి మరొక ముక్క జరిగివచ్చే మెరుగైన అచ్చులు ఈ లోపాన్ని చాలవరకు తీర్చాయి. అటువంటి నమూనాకు గొట్టం మార్చవలసిన పనే లేకపోవచ్చు. రంపం చేతబట్టేముందు ఆ సంగతి చూసుకోవడం వివేకం.

మార్చక తప్పనప్పుడు రెండు లోహాలు అక్కరకు వస్తాయి. లేతు మిషను మీద తరిణెపట్టిన అల్యూమినియం గొట్టం తేలికగా ఉంటుంది. ఇత్తడి గట్టిది, సన్నని పనితనానికి లొంగేది, కాని బరువు. ఫిరంగిని పైకీ కిందికీ కదిలేటట్లు వదిలిపెడితే ఇత్తడి గొట్టం తన బరువుకు తానే తల వాల్చుతుంది. ఇక పక్కనుండే యంత్ర తుపాకుల గొట్టాలకు చాలామంది ఇంజక్షను సూదులను ఉపయోగిస్తారు. 26 గేజి సూది వెలుపలి వ్యాసం 0.46 మిల్లీమీటర్లు, పైగా రంధ్రం సిద్ధంగానే ఉంటుంది. అయితే అది వాడని సూది కావాలి. మొనను ముందుగా కత్తిరించి, ఆకురాయితో మొద్దుచేయాలి.

పనిలో తొలి సూత్రం కోతకు ముందు కొలత. పాత గొట్టం మొదలునుంచి మూతివరకు కొలిచి, అసలు ఫిరంగి కొలతలతో సరిచూసుకోవాలి. కోయవలసిన గీతకు కొంచెం వెలుపలగా సన్నని పళ్ళ రంపంతో కోసి, మిగిలిన దానిని ఆకురాయితో గీతవరకు అరగదీయాలి. తరువాత సరిగా నడిమధ్యన సూదిమొనతో చిన్న గుంట చేసి, ముందు అర మిల్లీమీటరు బెజ్జం వేసి, దానిని అంచెలంచెలుగా పెద్దది చేయాలి. ఇది చేతితో తిప్పే డ్రిల్లుతో చేయదగిన పని. వేగంగా తిరిగే విద్యుత్ యంత్రం వేడికి ప్లాస్టిక్ కరుగుతుంది. బెజ్జం ఒక్క డిగ్రీ వాలినా, 7.4 సెంటీమీటర్ల దూరానున్న మూతి దాదాపు 1.3 మిల్లీమీటర్లు పక్కకు పోతుంది. అసలు టాంకు లెక్కలో అది తొమ్మిది సెంటీమీటర్లకు పైమాటే.

ప్లాస్టిక్‌ను కరిగించి అతికే మామూలు జిగురు లోహాన్ని పట్టుకోలేదు. రెండు భాగాలు కలిపి వాడే ఎపాక్సీ జిగురు మేలు. అది నెమ్మదిగా గట్టిపడుతుంది కనుక, ముందునుంచీ పైనుంచీ చూసి గొట్టాన్ని సరిదిద్దుకొనే వ్యవధి ఉంటుంది. తిన్నగా నిలిచిందని నమ్మకం కలిగేవరకు తల ప్రాణం తోకకు వస్తుంది. చివరగా లోహం మీది జిడ్డును తుడిచి, ప్రైమరు పూత పూసిన తరువాతనే రంగు వేయాలి. లేకుంటే రంగు పొలుసులుగా లేచిపోతుంది.

ఇంతవరకు చెప్పుకొన్నది చేతి నైపుణ్యం. అసలు ప్రశ్న వేరొకటి ఉన్నది. ఈ గొట్టం ఏ టాంకుది? ఏ సంవత్సరం నాటిది?

ఆ ప్రశ్న ఒకప్పుడు ప్రాణాలతో ముడిపడి ఉండేది. 1944లో నార్మండీ రణరంగంలో బ్రిటిష్ సేనల షెర్మన్ టాంకులలో కొన్నింటికి 17 పౌండర్ అనే పొడవైన ఫిరంగి ఉండేది. వీటికి ఫైర్‌ఫ్లై అని పేరు. తమ టాంకులకు అసలైన ముప్పు వీటివల్లనే అని గ్రహించిన జర్మన్లు ముందుగా వాటినే గురిపెట్టేవారు. అందుకని గొట్టం ముందుభాగపు అడుగున తెల్లరంగు పూసి, దూరంనుంచి పొట్టి గొట్టంలా భ్రమింపజేసే ఉపాయం పన్నారు. ఆనాటి ఫైర్‌ఫ్లైకి మేలైన ఇత్తడి గొట్టం బిగించి, దానిని మొదలునుంచి చివరవరకు ఒకే ఆకుపచ్చతో కప్పివేస్తే, కొలత నిలిచినా కథ పోతుంది.

మన దేశపు ఉదాహరణ ఇంకా స్పష్టమైనది. 1971 యుద్ధంలో భారత సేనకు సోవియట్ టి-55 టాంకులు ఉండగా, పాకిస్తాన్ చేతిలో చైనావారి టైప్ 59 టాంకులు ఉండేవి. రెండూ ఒకే వంశానికి చెందినవి. రెండింటివీ 100 మిల్లీమీటర్ల ఫిరంగులు. రెండింటికీ మూతి దగ్గర ఒక ఉబ్బు ఉంటుంది. గుండు పేలిన తరువాత గొట్టంలో మిగిలిన పొగ సిబ్బంది మీదికి రాకుండా, దానిని ముందుకు లాగి బయటికి పంపే ఏర్పాటు అది. ధూళి కమ్మిన మైదానంలో మిత్రుడెవరో శత్రువెవరో పోల్చుకోవడం దుర్లభం. కనుక భారతీయ టాంకుల గొట్టాలకు నడుమ ఉత్తుత్తి ఉబ్బు ఒకటి తొడిగారు. అది పొగను లాగదు, గుండును విసరదు. మనవాడిని మనవాడి గుండునుంచి కాపాడడమే దాని పని.

తరువాతి కాలంలో భారత టి-55లలో అనేకం ఆ 100 మిల్లీమీటర్ల ఫిరంగిని వదలి, విజయంత టాంకులకు ఉన్నటువంటి 105 మిల్లీమీటర్ల ఫిరంగిని ధరించాయి. మద్రాసు సమీపాన ఆవడిలో తయారైన టాంకు విజయంత. 1/72లో ఈ రెండు రంధ్రాల తేడా 0.07 మిల్లీమీటర్లు, కంటికి ఆనేది కాదు. కాని కొత్త ఫిరంగికి పొగలాగే ఉబ్బు మూతి దగ్గర గాక, గొట్టం నడుమ ఉంటుంది. 1971 నాటి నడిమి ఉబ్బు ఉత్తుత్తిది, తరువాతి నాటిది అసలుది. మూతి దగ్గరి ఉబ్బు ఉన్నదా లేదా అన్నదే రెండు కాలాలనూ వేరుచేసే గుర్తు.

గొట్టం మార్చడం నమూనాకారులు కనిపెట్టిన విలాసం కూడా కాదు. ప్రతి గుండుతోనూ వెలువడే వేడి వాయువులు ఫిరంగి లోపలి గాళ్ళను కొంతకొంతగా తినివేస్తాయి. గురి తప్పేంతగా అరిగిన గొట్టాన్ని తీసి, కొత్తది బిగించక తప్పదు. అంటే ఒక టాంకు తన ఆయుష్షులో ఒకటికి మించిన గొట్టాలను మోయవచ్చు. నమూనా చేసేవారు ఎంచుకోవలసింది అందులో ఏ దినం నాటి రూపాన్ని చేస్తున్నామన్నది.

అందుకు పాత ఛాయాచిత్రాలు తోడ్పడతాయి. ఇప్పుడు అహల్యానగర్‌గా పేరు మారిన అహ్మద్‌నగర్‌లోని టాంకుల మ్యూజియం వంటి చోట్ల అసలు టాంకులనే చుట్టూ తిరిగి చూడవచ్చు. దొరికిన ఆధారాన్ని, సంవత్సరాన్ని ఒక కాగితం మీద రాసి ముందుంచుకొన్నవారికి ఆ తరువాతి పని సుఖంగా సాగుతుంది. కోసిన గొట్టం మళ్ళీ అతకదు. ఆ సంవత్సరమేదో తేలేవరకు రంపం పెట్టెలో ఉండటమే మేలు.