ఎడమ మలుపుల అభిమాని

మోటారు పందేలన్నింటిలోను చూడడానికి మిక్కిలి తేలికగాను, అర్థం చేసుకోవడానికి మిక్కిలి కష్టంగాను ఉండేది అమెరికా దేశపు స్టాక్‌కారు పందెం. కోడిగుడ్డు ఆకారపు బాట మీద నలభై కార్లు మూడు నాలుగు గంటలసేపు ఎడమవైపుకే తిరుగుతూ, బయలుదేరిన చోటికే మళ్లీ మళ్లీ వస్తుంటాయి. ఈమాత్రం దానికి ఫ్లారిడాలోని డేటోనా బీచిలో ఏటా ఫిబ్రవరి మాసాన లక్షమందికి పైగా జనం ఎందుకు చేరుతారో బయటివారికి బోధపడదు. చేరినవారిని అడిగి చూస్తే, వారు ముందుగా చెప్పేది తమ ఆనందాన్ని గురించి కాదు, తమ ఫిర్యాదులను గురించి. ఆట చెడిపోయిందనీ, కార్లు కార్లు కావనీ, గెలుపు గెలుపు కాదనీ, పాతరోజుల పస పోయిందనీ గంటలకొలది వాదిస్తారు. మరుసటి ఆదివారం అవే మెట్ల మీద వచ్చి కూర్చుంటారు.

ఈ పాతకాలపు అభిమాని వాదాలను కొట్టిపారవేయడం సులభమే. కాని వాటిలో తూచి చూడదగినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది పేరును గురించిన వాదం. ‘స్టాక్’ కారు అనగా కార్ల దుకాణంలో సరుకుగా ఉండే మామూలు కారు. పందెం కోసం ప్రత్యేకంగా కట్టినది కాదు. ఈ క్రీడ పుట్టుకయే అట్టి కార్లలో ఉన్నది. అమెరికా దక్షిణ రాష్ట్రాల కొండ ప్రాంతాలలో, ముఖ్యంగా ఉత్తర కరోలినా, జార్జియా, వర్జీనియాలలో, దొంగసారా కాచేవారు సరుకును రాత్రివేళ పట్టణాలకు చేరవేసేవారు. చూపులకు అతి సామాన్యమైన ఫోర్డు కారు, లోపల మాత్రం ఎక్సైజువారి కారుకు అందని ఇంజను. ఆ కుర్రవాళ్లే పగటిపూట పొలాలలో మట్టిబాట వేసుకొని ఎవరి బండి వేగమో తేల్చుకొనేవారు. డేటోనా బీచిలో స్థిరపడిన బిల్ ఫ్రాన్స్ అనే మెకానిక్కు ఈ చెల్లాచెదురు పందేలకు ఒక కట్టుబాటు తేవాలని 1947 డిసెంబరులో అక్కడి స్ట్రీమ్‌లైన్ హోటలులో నిర్వాహకులను సమావేశపరిచాడు. 1948 ఫిబ్రవరిలో నాస్‌కార్ సంస్థ రిజిస్టరయింది.

కేవలం దుకాణపు కార్లకే అని ప్రకటించి జరిపిన తొలి పోటీ 1949 జూన్ 19న షార్లెట్‌లో జరిగింది. గ్లెన్ డనవే అనే అతను మొదట వచ్చాడు. పందెం ముగిసిన తర్వాత కారును పరీక్షించగా వెనుక స్ప్రింగులు మార్చినట్లు తేలింది. అది సారా రవాణాకు వాడిన కారు. బరువు మోయడానికి, మలుపులలో తూలకుండా ఉండడానికి చేసిన ఏర్పాటు అది. డనవేను తొలగించి, కాన్సాస్ నుంచి వచ్చిన జిమ్ రోపర్‌ను విజేతగా ప్రకటించారు. కారు యజమాని కోర్టుకెక్కి ఓడిపోయాడు. కనుక ‘ఇది నిజమైన స్టాక్‌కారు కాదు’ అనే ఫిర్యాదు వయస్సు ఈ క్రీడ వయస్సుతో సమానం. అభిమాని తలచుకొని నిట్టూర్చే ఆ స్వచ్ఛమైన కాలం ఒక్క మధ్యాహ్నమైనా నడిచినట్లు లేదు.

అయినా అతని మాటలో అసత్యం లేదు. ఆదివారం గెలిచిన కారు సోమవారం అమ్ముడుపోతుందని కంపెనీలు నమ్మిన రోజులలో పందెపు కారుకు, వీధికారుకు చుట్టరికం ఉండేది. నేడు వీధిలో తిరిగే టయోటా క్యామ్రీ నాలుగు సిలిండర్ల హైబ్రిడ్. సాధారణంగా దానిని ముందుచక్రాలు లాగుతాయి. అదే పేరుతో పందెంలో పరుగెత్తే బండికి ఎనిమిది సిలిండర్లు, వెనుకచక్రాలు తోస్తాయి. షెవ్రొలే కమారో సంగతి ఇంకా విచిత్రం. 2023 డిసెంబరులో ఆ కారు తయారీయే ఆగిపోయింది. పందెపు బాట మీద మాత్రం 2024లోను, 2025లోను కమారో పేరే పరుగెత్తింది. దుకాణంలో లేని సరుకుకు స్టాకని పేరు!

రెండవ ఫిర్యాదు దీనికంటె బరువైనది. సంవత్సరం పొడవునా శ్రమించినవానికి దక్కవలసిన చాంపియన్ పట్టం ఒక్క మధ్యాహ్నపు అదృష్టానికి దక్కుతున్నదని అభిమాని వాదం. దీని కథ 2003లో మొదలవుతుంది. ఆ ఏడాది 36 పోటీలలో మాట్ కెన్సెత్ గెలిచింది ఒక్కటే. అయినను నిలకడగా పాయింట్లు కూడబెట్టి చాంపియన్ అయినాడు. ఎనిమిది పోటీలు గెలిచిన రయన్ న్యూమన్‌కు ఆరవస్థానం వచ్చింది. ఇది చప్పగా ఉన్నదని గోల పుట్టింది. నేడు పాత పద్ధతే మేలని చేతులు విసిరే అభిమాని కూడ ఆనాడు ఆ గోలలో గొంతు కలిపినవాడే. మరుసటి ఏటినుంచి చివరి పది పోటీలను ప్రత్యేక ఘట్టంగా విడదీశారు. 2014లో ఇంకొక అడుగు వేశారు. పదహారుమందిని ఎంచి, మూడు పోటీలకొకసారి నలుగురిని తొలగిస్తూ పోయి, మిగిలిన నలుగురిలో ఆఖరి పోటీలో ఎవరు ముందుంటే వారికే పట్టం. ఆ తొలి ఏడే, ఒక్క పోటీ కూడ గెలవని న్యూమన్ ఆఖరి పోటీలో రెండవవాడుగా వచ్చాడు. ఇంకొక్క కారును దాటి ఉంటే విజయం లేని చాంపియన్‌ను లోకం చూసేది.

ఈ పద్ధతి ఎంత దూరం పోయిందో 2024 చూపింది. ఆ సంవత్సరం కైల్ లార్సన్ ఆరు పోటీలు గెలిచి కూడ తుది నలుగురిలో చేరలేకపోయాడు. జోయి లొగానో అయితే అక్టోబరులో ఒక ఘట్టం చివర తొలగిపోయి ఇంటిదారి పట్టవలసినవాడు. ఆ సాయంత్రం అలెక్స్ బౌమన్ కారును తూచగా ఉండవలసిన బరువుకంటె తక్కువ తూగింది. బౌమన్‌ను తొలగించడంతో లొగానో మళ్లీ లోపలికి వచ్చాడు. వచ్చినవాడు వచ్చే వారమే లాస్ వేగస్‌లో గెలిచాడు. నవంబరులో ఫీనిక్స్‌లో గెలిచి మూడవసారి చాంపియన్ అయినాడు. నియమానికి ఎక్కడా భంగం లేదు. కాని త్రాసు చూపిన చిల్లర బరువు మీద ఒక ఏటి కిరీటం తిరిగిందంటే అభిమానికి మింగుడుపడకపోవడంలో వింత లేదు.

2025 నవంబరు ఇంకా కఠినమైనది. డెనీ హ్యామ్లిన్ అప్పటికి 60 విజయాలు పొందిన డ్రైవరు. ఒక్కనాడూ చాంపియన్ కాలేదు. ఫీనిక్స్‌లో ఆఖరి పోటీలో అధికభాగం ముందున్నది అతడే. ఇంక మూడు చుట్లు మిగిలి ఉండగా వేరొకని టైరు పగిలి పోటీ ఆగింది. తిరిగి సాగే లోపల హ్యామ్లిన్ నాలుగు టైర్లూ మార్చుకొన్నాడు. లార్సన్ రెండే మార్చుకొని ముందు బయటపడ్డాడు. మే నెల తర్వాత ఒక్క పోటీ గెలవని లార్సన్ చాంపియన్ అయినాడు. చాంపియన్ కాకుండా అత్యధిక విజయాలు పొందిన ఘనత పూర్వం జూనియర్ జాన్సన్‌ది, ఆయనవి 50. ఆ దుఃఖకరమైన రికార్డును హ్యామ్లిన్ ఎప్పుడో దాటాడు. చివరికి 2026 సీజనుకు నాస్‌కార్ ఈ ఒక్కపూట కిరీటాన్ని విడిచి, చివరి పది పోటీల మొత్తం పాయింట్ల పద్ధతికే మరలింది. ఈ వ్యాజ్యంలో తీర్పు అభిమాని పక్షానే వచ్చిందనవలె.

జూనియర్ జాన్సన్ పేరు వచ్చింది గనుక ఒక మాట. ఆయన ఉత్తర కరోలినాలోని విల్క్స్ జిల్లావాడు. సారా రవాణా చేసిన చేయి. రోడ్డు మీద ఎక్సైజువారికి ఎన్నడూ దొరకలేదు. 1956లో తండ్రి బట్టీ వద్ద కాలినడకన దొరికాడు. పదకొండు నెలలు జైలులో ఉన్నాడు. ముందుపోయే కారు వెనుక ఆనుకొనిపోతే గాలి ఒత్తిడి తగ్గి వెనుకబండి వేగం పెరుగుతుందన్న కిటుకు పట్టుకొని 1960లో డేటోనా పోటీ గెలిచినది ఆయనే. 1986లో అధ్యక్షుడు రీగన్ ఆయనకు క్షమాభిక్ష ఇచ్చాడు. నాస్‌కార్ కీర్తిమందిరంలో ఆయన స్వహస్తాలతో కట్టిన సారాబట్టీ ప్రదర్శనకు ఉన్నది.

ఇక మూడవ వాదం. ప్రమాదం లేనిచోట పందెమెక్కడిదని పాత అభిమాని అంటాడు. కార్లు ఇంత పదిలమైన తర్వాత డ్రైవర్లలో వెనుకటి తెగువ లేదంటాడు. ఇక్కడ అతనితో ఏకీభవించడం సాధ్యం కాదు.

1987లో టాలడేగా బాట మీద బిల్ ఎలియట్ గంటకు 212.809 మైళ్లు, అనగా 342 కిలోమీటర్ల పైచిలుకు, వేగం సాధించాడు. ఆ పోటీలోనే బాబీ ఆలిసన్ కారు టైరు పగిలి, గాలిలోకి లేచి, ప్రేక్షకుల ముందున్న కంచెను చీల్చింది. మెట్ల మీది జనం గాయపడ్డారు. మరుసటి ఏటినుంచి ఆ రెండు పెద్ద బాటల మీద ఇంజనుకు పోయే గాలిని తగ్గించే పలకలు బిగించారు. వేగం తగ్గింది. కాని అందరి వేగమూ ఒకటే కావడంతో కార్లన్నీ గుంపుగా అంటిపట్టుకొని పోవడం మొదలయింది. ఒకడు తూలితే ఇరవైమంది కూలడం ఆనవాయితీ అయింది. ఒక అపాయానికి మందువేస్తే రెండవ అపాయం పుట్టిందన్న అభిమాని మాట ఇంతవరకు నిజమే.

2000 మే నుంచి 2001 ఫిబ్రవరి దాకా తొమ్మిది నెలలలో నాస్‌కార్ జాతీయ శ్రేణులలో నలుగురు డ్రైవర్లు గోడలకు గుద్దుకొని మరణించారు. మొదటివాడు ఆడమ్ పెట్టీ. ఈ క్రీడలో 200 విజయాలు పొందిన రిచర్డ్ పెట్టీకి మనుమడు, పందొమ్మిదేళ్ల కుర్రవాడు. నాలుగవవాడు డేల్ ఎర్న్‌హార్ట్. ఏడుసార్లు చాంపియన్, నల్లకారు, మూడవ నెంబరు. 2001 ఫిబ్రవరి 18న డేటోనాలో చివరి చుట్టు చివరి మలుపులో గోడకు తగిలాడు. ఆ దెబ్బ చూపులకు ఏమంత పెద్దది కాదు. వందలసార్లు అంతకు మించిన దెబ్బలు చూచిన జనం అతడు దిగి దుమ్ము దులుపుకొంటాడనే కనిపెట్టుకొని ఉన్నారు. మెడను కట్టిపట్టే సాధనం అప్పటికే ఉన్నది. దానిని ఆయన ఇష్టపడలేదు.

తర్వాత జరిగినది అభిమానికి చెప్పుకోదగినదీ ఉన్నది, చెప్పుకోరానిదీ ఉన్నది. ఆ ఏడు ప్రతి పోటీలో మూడవ చుట్టు వచ్చేసరికి వేలకొలది జనం లేచి నిలబడి మౌనంగా మూడు వ్రేళ్లు పైకెత్తేవారు. అదే జనంలో కొందరు, ఆనాడు ఎర్న్‌హార్ట్ కారుకు తగిలిన స్టెర్లింగ్ మార్లిన్‌కు చంపుతామని ఉత్తరాలు వ్రాశారు. తండ్రిని పోగొట్టుకొన్న కొడుకే ముందుకు వచ్చి, మార్లిన్ దోషం లేదు, మానండని వేడుకోవలసి వచ్చింది. ప్రమాదమే పందేనికి రుచి అని నమ్మినవాడు ఆ ప్రమాదం నిజంగా వచ్చిన రోజున దానిని మరొకని నెత్తిన వేయజూశాడు.

అదే అక్టోబరులో మెడసాధనం తప్పనిసరి అయింది. దెబ్బను తినివేసే ఉక్కు–నురుగు గోడలు క్రమంగా అన్ని బాటలకు వచ్చాయి. అటుతర్వాత ఆ జాతీయ శ్రేణులలో పోటీలో ప్రాణం పోగొట్టుకొన్న డ్రైవరు లేడు. 2020లో డేటోనా ఆఖరి చుట్టులో రయన్ న్యూమన్ కారు బోర్లపడి, ఇంకొక కారు వచ్చి డ్రైవరు వైపునే గుద్దింది. చూచినవారందరూ ఆశ వదులుకొన్నారు. రెండు రోజుల తర్వాత ఆయన తన ఇద్దరు కూతుళ్ల చేతులు పట్టుకొని ఆస్పత్రి నుంచి నడిచి బయటకు వచ్చాడు. తెగువ తగ్గిందనే మాటకు 2022 అక్టోబరు సమాధానం చెప్పింది. మార్టిన్స్‌విల్‌లో రాస్ చాస్టెయిన్ ఆఖరి చుట్టులో స్టీరింగు వదలి, కారును గోడకానించి, పూర్తివేగంతో రాపాడించుకొంటూ ఐదు కార్లను దాటాడు. చిన్ననాటి వీడియో ఆటలో నేర్చానన్నాడు. ఆ దాటువల్ల తుది నలుగురిలోంచి జారినవాడు ఎవరనుకొన్నారు? హ్యామ్లిన్! 2023లో నాస్‌కార్ ఆ విద్యను నిషేధించింది.

మన దేశానికీ ఈ బాటకూ ఒక సన్నని సంబంధం ఉన్నది. కోయంబత్తూరుకు చెందిన నారాయణ్ కార్తికేయన్ 2010లో నాస్‌కార్ ట్రక్కుల శ్రేణిలో పాల్గొన్నాడు. ఒక్క పోటీ గెలవకపోయినా, అభిమానుల ఓట్లతో ఆ ఏటి జనప్రియ డ్రైవరు బహుమతి ఆయనకే దక్కింది. ఓట్లు ఏ దేశం నుంచి వెల్లువెత్తాయో ఊహించడం కష్టం కాదు.

ఆ బాటమీద ఓట్లు వేయించుకోలేని మనిషి ఇంకొకడుండేవాడు. పాతరోజులే మేలన్న అభిమాని సాధారణంగా ఇతని పేరెత్తడు. వర్జీనియాలోని డాన్‌విల్ పట్టణపు నల్లజాతివాడు వెండెల్ స్కాట్. రెండవ ప్రపంచయుద్ధంలో సైన్యంలో పనిచేశాడు. టాక్సీ కూడ నడిపాడు. సారా రవాణా ఆయనా చేశాడు. కంపెనీల సాయం లేదు. ఇతరులు వాడి వదిలిన కారును తానే బాగుచేసుకొని, కొడుకులనే సహాయకులుగా పెట్టుకొని దాదాపు 500 పోటీలలో పాల్గొన్నాడు. 1963 డిసెంబరు 1న ఫ్లారిడాలోని జాక్సన్‌విల్ మట్టిబాట మీద అందరికంటె రెండు చుట్లు ముందున్నాడు. విజయపతాక మాత్రం ఊపలేదు. రెండవవాడు బక్ బేకర్‌ను విజేతగా ప్రకటించి, కప్పు అతని చేతికిచ్చి, ఫొటోలు తీయించి పంపించారు. విజేతను తెల్లజాతి యువతి ముద్దాడడం ఆనాటి ఆచారం. జనం ముందు ఆ సన్నివేశం రాకుండా చేశారని స్కాట్ కుటుంబం నమ్మింది. మెట్లు ఖాళీ అయిన తర్వాత, లెక్కలో పొరపాటు జరిగిందని ఒప్పుకొని డబ్బు ఇచ్చారు.

స్కాట్ 1990లో మరణించాడు. 2015లో కీర్తిమందిరంలో చేర్చారు. అత్యున్నత శ్రేణిలో మరొక నల్లజాతి డ్రైవరు, బబా వాలెస్, గెలవడానికి 2021 అక్టోబరు దాకా పట్టింది. దానికి కొద్ది వారాల ముందు, ఆ ఆగస్టులో, డేటోనాలో పోటీకి ముందు జనసమక్షంలో స్కాట్ కుటుంబానికి కప్పు అందజేశారు. అది కొత్తగా చేయించినది. 1963 నాటిది కాదు.