మంచె క్రింద నడచిపోయిన నక్క

వేటకు బయలుదేరినవాడికి నక్క ఎదురైతే మన పెద్దలు శకునం చూసేవారు. ఎవరికైనా అనుకోని మేలు జరిగితే “నక్కతోక త్రొక్కి వచ్చావురా” అనడం మన ఇళ్ళలో ఇప్పటికీ వాడుకే. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలో ఉన్న మా అన్నగారి అబ్బాయికి పోయిన కార్తీకమాసంలో నక్కవంటి జంతువే ఒకటి ఎదురైంది. అది వాడికి మేలు చేయలేదు సరిగదా, సంవత్సరంపాటు నిద్రలేకుండా చేసింది. ఆ కథ పాఠకులకు చెప్పి, నేను వాడికి వ్రాసిన జవాబు సరియైనదో కాదో మీ అందరినీ అడుగుదామని ఈ నెల కలం పట్టాను.

సంగతి ఇది. వాడి ఆఫీసులో పైఅధికారి అరవై యేళ్ళ పెద్దమనిషి. ఊరికి దూరంగా ఆయనకు కొంత పొలమూ, చిట్టడవీ ఉన్నాయి. జింకల వేటకు రమ్మని వీణ్ణి పిలిచాడు. మన పంటచేలల్లో పిట్టలు తోలడానికి మంచె వేసినట్టే అక్కడ వేటగాళ్ళు మంచె కట్టుకుని తెల్లవారకముందే ఎక్కి కూర్చుంటారు. ఎక్కేముందు ఆయన ఒక మాట చెప్పాడట: “జింక వచ్చినా రాకపోయినా, కొయోటీ కనబడితే మాత్రం వదలవద్దు.”

కొయోటీ అంటే మన నక్కకు అన్న, తోడేలుకు తమ్ముడు అనుకోండి. పదిపదిహేను కిలోల బరువుంటుంది. పేరు మెక్సికోలోని నహువాట్ల్ భాషనుంచి వచ్చింది. తెల్లవారే వేళకు అది మంచె క్రిందనుంచే నింపాదిగా నడచిపోయింది. మావాడు తుపాకి ఎత్తాడు. అది ఒకసారి ఆగి పైకి చూసిందట. వాడు తుపాకి దించేశాడు.

అంతటితో అయిపోతే నాకు ఉత్తరం వచ్చేది కాదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయన “ఏమైనా కనబడిందా?” అని అడిగితే వీడు “ఏమీ కనబడలేదండీ” అన్నాడు. అక్కడ చెట్లకు కెమెరాలు కట్టి ఉంటాయి. ఏ జంతువు ప్రక్కనుంచి పోయినా దానంతట అదే బొమ్మ తీసిపెడుతుంది. సాయంత్రం ఆయన ఆ బొమ్మలు చూశాడు. మంచె నిచ్చెన, ప్రక్కనే కొయోటీ! ఆయన పల్లెత్తుమాట అనలేదు. బొమ్మ వీడికి చూపించి ఊరుకున్నాడు. ఇప్పుడు మళ్ళీ వేటకాలం దగ్గరపడింది, మళ్ళీ పిలుపు వచ్చింది. “చిన్నాయనా, నేను కొట్టకపోవడం తప్పా? ఈసారి కొట్టమంటావా?” అని వాడి ప్రశ్న.

మా వదినగారికైతే ప్రశ్నే లేదు. “తుపాకి పట్టడమే తప్పు, ఇంక నక్కేమిటి, జింకేమిటి” అన్నది ఆవిడ. కాని మాది ఆదివారంనాడు కోడిని కోసే ఇల్లు. లైసెన్సు తీసుకుని, వేటకాలంలో, లెక్కకు మించకుండా జింకను కొట్టి ఆ మాంసం తినేవాణ్ణి తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. నా ఆలోచనంతా తినడానికి కాకుండా, దారిలో కనబడింది గదా అని కొట్టే రెండవ ప్రాణం గురించే.

చట్టం అడ్డు రాదు. టెక్సాస్‌లో జింకకు వేటకాలమూ, లెక్కా ఉన్నాయిగాని సొంత పొలాల్లో కొయోటీకి అవేవీ లేవు. సంవత్సరం పొడుగునా కొట్టవచ్చు. ఆయన చెప్పిన కారణాలు రెండు: అది జింకపిల్లలను తింటుంది, ప్రక్క పొలంవాళ్ళ మేకపిల్లలను ఎత్తుకుపోతుంది. రెండూ నిజమే. మేకపిల్లను పోగొట్టుకున్నవాడి కడుపుమంట పట్నంలో కుర్చీమీద కూర్చుని ఫైళ్ళు త్రిప్పే నావంటివాడికి ఏం తెలుస్తుంది?

అయితే కొట్టినందువల్ల ఆ నష్టం తగ్గుతుందా అన్నది వేరే లెక్క. నేను గుమాస్తాను గనుక లెక్కలే చూస్తాను. దక్షిణ కెరొలినాలో సవానా నది ప్రాంతపు ప్రభుత్వ భూముల్లో 2010 నుంచి 2012 వరకు మూడేళ్ళు వరుసగా, జింకలు ఈనేకాలానికి ముందు, వందలకొద్దీ కొయోటీలను తీసివేసి చూశారు. అంతకుముందు పుట్టిన జింకపిల్లల్లో నూటికి సుమారు 23 బ్రతికేవి. మొదటి యేడు అది 51 అయింది. భేష్ అనుకున్నారు. రెండవ యేడు 20కి పడిపోయింది. మూడవ యేడు 43. అంత డబ్బూ, అంతమంది మనుషులూ పనిచేస్తే వచ్చిన ఫలితం అది. ఇక కార్తీకంలో ఒకడు మంచెమీదనుంచి ఒక్కదాన్ని కొడితే ఏమవుతుంది? జింకపిల్లలకు కొయోటీ భయం ముఖ్యంగా పుట్టిన మొదటి కొన్ని వారాలు. అవి పుట్టేది వేసవిలో. అప్పటికి ఖాళీ అయిన చోటికి ఇంకొకటి వచ్చి చేరుతుంది.

ఈ జంతువు స్వభావమే అటువంటిది. ఒకప్పుడు అమెరికా పడమటి మైదానాల్లో, మెక్సికోలో మాత్రమే ఉండేది. తోడేళ్ళను తెల్లవాళ్ళు దాదాపు తుడిచిపెట్టాక, ఆ ఖాళీలోకి ఇది నడచి వచ్చింది. తుపాకులూ, ఉచ్చులూ, విషాలూ అన్నీ ప్రయోగించారు. 1931లో ఇందుకు చట్టమే చేశారు. ఫలితం? ఇవాళ హవాయి తప్ప మిగతా 49 రాష్ట్రాల్లోనూ కొయోటీ ఉంది. న్యూయార్కు నగరపు తోటలో కూడా కనబడింది. సంఖ్య తగ్గితే మిగిలినవాటికి తిండి ఎక్కువ దొరికి పిల్లలు ఎక్కువగా బ్రతుకుతాయి. ఏటా నూటికి 75 చంపుతూ పోయినా మొత్తం పోవడానికి 50 యేళ్ళు పైగా పడుతుందని 1975లో కాలిఫోర్నియాలో కొన్నోలీ, లాంగ్‌హర్స్ట్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు.

మేకల సంగతి వేరు. మందమీద పడటం మరిగిన ఒక జంతువును ఆ మందకాపరి కొడితే నేను కాదనను. వాళ్ళు కూడా అంతటితో ఊరుకోరు. మందలో పెద్ద కాపలాకుక్కలను, గాడిదలను సైతం పెంచుతారు. మన బళ్ళారి, కొప్పళ ప్రాంతాల్లో కురుబలు మంద వెంట కుక్కలను త్రిప్పడం మనం రోజూ చూసేదే. ఆ మంచె క్రింద నడచిపోయినదే మేకపిల్లను ఎత్తుకుపోయినదని ఎవరు చెప్పగలరు? ముఖం చూసి దొంగను గుర్తుపట్టడానికి అది మన వీధి మనిషి కాదు గదా.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. 1990 ప్రాంతం. నాకు పదేళ్ళు. తుంగభద్ర కాలువ క్రింద మాకు కొద్దిగా చెరకు, వేరుశెనగ ఉండేవి. నక్కలు చెరకు నమిలి పోతున్నాయని మా నాయన చచ్చిన గొర్రె మాంసంలో గుళికల మందు కలిపి గట్టుమీద పెట్టించాడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరమని మా ఇంట్లో ఒక్కరికీ తెలియదు. తెల్లవారి చూస్తే రెండు నక్కలు చచ్చి ఉన్నాయి. వాటికి కొంచెం ఇవతల, ఇంటికి రాబోతూ పడిపోయిన మా కుక్క నల్లోడు. పాము కరిచిందని నాయన మాకు చెప్పాడు. తమ్ముడూ నేనూ నెలరోజులు గట్టుమీద పాముకోసం కర్రలు పట్టుకు తిరిగాం. నిజం నాకు తెలిసింది నా పెళ్ళయిన తరువాత, మా అమ్మ చెబితే. ఆ తరువాతి యేడు వేరుశెనగను పందికొక్కులు ఎక్కువగా తవ్వాయి. అది నక్కలు పోయినందువల్లనే అని నేను ప్రమాణం చేయలేను. కాని నాయన మళ్ళీ ఆ మందు తేలేదు. ఎందుకని మేము అడగలేదు, ఆయన చెప్పలేదు.

చిత్రమేమిటంటే అమెరికాలో కూడా ఆ 1972లోనే అధ్యక్షుడు నిక్సన్ ప్రభుత్వ భూముల్లో ఇటువంటి విషాలు పెట్టడం మాన్పిస్తూ ఉత్తరువు చేశాడు. విషానికి నక్క ఏదో కుక్క ఏదో తెలియదు. తుపాకి పట్టినవాడికి తెలియాలి. ఉత్తర కెరొలినా తూర్పు భాగంలో కొద్ది పదులు మాత్రమే మిగిలిన ఎర్ర తోడేలు దూరంనుంచి కొయోటీలాగే కనబడుతుంది. మావాడున్నచోట అది లేదుగాని, “కనబడగానే కొట్టు” అనే అలవాటు ఎక్కడికి పోయినా వెంటవస్తుంది.

అందుచేత వాడికి ఇలా వ్రాశాను:

“నాయనా, నువ్వు కొట్టకపోవడం తప్పు కాదు. తినని దాన్ని, చేసిన నేరం తెలియని దాన్ని, చంపినా లాభం లేని దాన్ని వదిలిపెట్టావు. నీ తప్పు అన్నం దగ్గర ‘కనబడలేదు’ అనడం. ఆయన పొలంలో నువ్వు అతిథివి. ఆయన మాట నచ్చకపోతే మంచె ఎక్కకముందే చెప్పవలసింది. ఈసారి పోతే ముందుగా పోయినేటి అబద్ధానికి క్షమాపణ చెప్పుకో. తరువాత ‘నేను జింకనే కొడతాను, మరొకదాన్ని కొట్టను’ అని చెప్పు. ప్రక్కవాళ్ళ మేకలకు నష్టం ఉంటే కంచె వేయడానికి ఒక ఆదివారం వచ్చి సాయం చేస్తానను. అప్పుడు కూడా పిలిస్తే వెళ్ళు. పిలవకపోతే పోనీ. మీ తాతగారి పామును నేను ఇరవై యేళ్ళు వెదికాను. నీ పిల్లలకు ఆ పని పెట్టవద్దు.”

జవాబు ఇంకా రాలేదు. మా వదినగారు మాత్రం కంచె మాట బాగుంది, వేట మాట బాగులేదు అన్నారు. పాఠకుల్లో పొలం, మంద ఉన్నవారు దయచేసి వ్రాయండి. నేను మందకాపరికి అన్యాయం చేశానని ఎవరికైనా తోస్తే వారి ఉత్తరమే వచ్చే నెల ఈ పేజీలో మొదట వేస్తాను.